పేలని తుపాకీ కొలత

మేస్త్రి దృష్టిలో తన బతుకు ఇలా తగలడటానికి కారణం ఒక్కడే, ప్యాకప్ గాడు. ప్యాకప్ అంటే ఆయన భార్యకి సొంత తమ్ముడు. సినిమావాళ్ళ ఆర్టు డిపార్ట్‌మెంటులో సామాన్లు మోసే ఉద్యోగం. ఎవరింటికి వెళ్ళినా తిని చెయ్యి కడుక్కున్న మరుక్షణం చెప్పులు వేసుకుంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. "వాడు ఆ రోజు నా గడప తొక్కకపోయి ఉంటే ఇవాళ నేను రాజాలా ఉండేవాణ్ణి" అని మేస్త్రి టీ కొట్టు దగ్గర దొరికినవాణ్ణల్లా నిలబెట్టి చెప్పేవాడు. ఎలా ఉండేవాడో వివరం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే ప్యాకప్ గడప తొక్కక ముందు ఆయన మంచం కోళ్ళు చేసేవాడు. వాటిని కొనే నాథుడు లేడు.

జనం ఇనప మంచాలకీ, అట్టపెట్టెల్లో ముక్కలుగా వచ్చే పలక మంచాలకీ మళ్ళిపోయారు. లేతు మీద కర్ర తిప్పి, నడుము సన్నం చేసి, మెడ దగ్గర మూడు గాజులు దిద్ది నిలబెట్టే కోడు అంటే ఏమిటో తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. పోనీ వేరే ఏమైనా చేసుకుందామంటే మేస్త్రి చేతికి ఒక రోగం ఉంది. ఏం చేసినా చివరికి మంచం కోడులాగే వస్తుంది. ఒక ముసలాయన చేతికర్ర అడిగితే చేసిచ్చాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతా మూడూ ఎప్పుడిస్తావు నాయనా?" అని అడిగాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, సరిగ్గా భోజనం వేళకి, ప్యాకప్ వచ్చాడు.

"బావా, నీకో మంచి పని తెచ్చాను."

"నువ్వు మంచిదన్నావంటే అందులో నీ భోజనం ఉండే ఉంటుంది. కూర్చో."

"అది కాదు బావా. హీరోగారు పాత తుపాకీ మళ్ళీ పట్టుకుంటున్నారు."

లేతు మీద మేస్త్రి చెయ్యి ఆగిపోయింది.

ఆ తుపాకీ ఆయనకి తెలుసు. రెండు గొట్టాలు, పక్షి ముక్కులా వంగిన పిడి, పక్కన ఇత్తడి మీట. నిజంగా అలాంటి తుపాకీ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎవరో బొమ్మలు గీసే మనిషి బుర్రలోంచి పుట్టింది. మేస్త్రికి అప్పుడప్పుడే మీసం మొలుస్తున్న వయసులో ఆ సినిమా వచ్చింది. మొదటి ఆటకి తోసుకుంటూ వెళ్ళి చొక్కా చింపుకున్నాడు. ఆ చిరిగిన చొక్కాతోనే వారం రోజులు తిరిగాడు, ఏదో యుద్ధంలో గాయపడి వచ్చినవాడిలా.

విషయం ఏమిటంటే, హీరోగారి కొత్త సినిమాలో ఆ పాత తుపాకీ ఒక సీనులో బయటికి రావాలి. అసలుది ఏ గోడౌనులోనో చెద పట్టి పోయింది. మళ్ళీ అచ్చం అలాంటిదే కావాలి. పేలక్కర్లేదు, పేలకూడదు కూడా. చూపుకి ఉంటే చాలు. ఆర్టు డైరెక్టరు మేడమ్ చేతిలో ఉన్న బడ్జెట్టు ఎంతంటే, పేరున్న కంపెనీ వాడు ఆ అంకె విని ఫోను పెట్టేశాడు. అందుకని ప్యాకప్ "మా బావ ఉన్నాడు" అన్నాడు.

"ముందు ఒక్కటి చెయ్యి బావా. మేడమ్ చూసి ఊ అంటే ఇంకో పదకొండు కావాలి. విసిరెయ్యడానికి, విరగ్గొట్టడానికి, నీళ్ళలో పారెయ్యడానికి. ఊ అన్నాకే అవి. ముందు ఒక్కటే."

ఈ మాట వాడు భోజనానికి ముందొకసారీ, తర్వాతొకసారీ చెప్పాడు. టీ కొట్టు దగ్గర మేస్త్రి చెప్పే కథలో ఈ మాట ఎప్పుడూ రాలేదు.

కొలతలు ఎక్కడివి? ప్యాకప్ ఒక పాత పోస్టరు ప్రింటు తెచ్చాడు. అందులో హీరోగారు తుపాకీని ఛాతీకి అడ్డంగా పట్టుకుని, రెండో అరచెయ్యి దాని మీద చాచి ఆనించి, ప్రపంచాన్ని కరిచేసేలా చూస్తున్నారు. మేస్త్రి ఒక పురికొస ముక్కని బొమ్మలోని అరచేతి పొడవుకి కత్తిరించాడు, మణికట్టు నుంచి నడిమి వేలి కొస దాకా. దాన్ని బొమ్మలోని తుపాకీ పక్కన పేర్చుకుంటూ పోయాడు. రెండుంపావు చేతులు. మళ్ళీ చూశాడు. రెండుంపావే.

ఆయన బడి మానేసిందే ఈ నిష్పత్తి లెక్కల మూలాన. ఒకటి ఇంతైతే రెండోది ఎంత అని మాస్టారు అడగడం, ఈయన బల్ల మీద చెక్కిన బొమ్మకేసి చూడటం, వీపు మోగడం. ఏడో తరగతిలో ఒక రోజు మూత్రానికని బయటికి వచ్చినవాడు ఇంతవరకు తిరిగి వెళ్ళలేదు. ఇన్నేళ్ళకి అదే లెక్క తనంతట తను చేసి, సరిగ్గా చేశాడు. ఆ లెక్క తప్పని ఈ రోజుకీ ఎవరూ అనలేదు. అదే ఆయన కొంప ముంచింది.

"హీరోగారి చెయ్యి ఎంతుంటుందిరా?" అని అడిగాడు.

"నేనెక్కడ చూశాను బావా. మేం సెట్టు పలకలు మోస్తుంటే ఆయన ఆ చివర గొడుగు కింద కుర్చీలో ఉంటారు."

"ఎత్తయినా తెలీదా?"

"కూర్చున్నాయన ఎత్తు ఎలా తెలుస్తుంది?"

"నీతో కాదులే. ఆరడుగులకి తక్కువుండడు. తలుపు తన్ని లోపలికొచ్చే సీను చూడు, తల గుమ్మానికి తగుల్తుంది."

ముప్పై ఏళ్ళుగా కోళ్ళతో పాటు గుమ్మాలు, ద్వారబంధాలు కూడా చేసిన మనిషికి, గుమ్మాన్ని చిన్నది చేస్తే మనిషి పెద్దగా కనిపిస్తాడన్న సంగతి తట్టలేదు.

ఆ వీధిలో ఆరడుగుల మనిషి ఒక్కడే. మేస్త్రి కొట్టుని ఆనుకుని టైర్ల షాపు నడిపే పొడుగాయన. టైరు విప్పుతున్నవాణ్ణి పిలిచి, చెయ్యి చాపించి, టేపు పెట్టాడు.

"ఎనిమిదింపావు" అని గట్టిగా అరిచాడు మేస్త్రి.

"ఎనిమిదింపావు" అని లోపల గిన్నెలు తోముతున్న భార్య తిరిగి అంది.

ఆ ఇంట్లో అది అలవాటు. రంపం మోతలో మాట వినపడదు కాబట్టి, కొలత తీసినవాడు గొంతు చించుకుని చెప్పాలి. విన్నవాడు అంతే గట్టిగా తిరిగి అనాలి. అనకపోతే విన్నట్టు కాదు. మేస్త్రికి పెళ్ళయిన కొత్తలో ప్యాకప్ ఈ కొట్టులోనే పని నేర్చుకున్నాడు. ఒకసారి తిరిగి అనకుండా కోసినందుకు ఒక దూలం పొట్టి అయిపోయి, నెత్తి మీద నాలుగు పడ్డాయి. ఆ తర్వాత వాడు నిద్రలో కూడా కొలతలు తిరిగి అనేవాడు.

"నా చెయ్యి దేనికి మేస్త్రీ?" అన్నాడు పొడుగాయన.

"సినిమాలో పెడుతున్నాను."

"నన్ను కూడా పెట్టకపోయావా."

"నీ మొహానికి బడ్జెట్టు చాలదు."

ఎనిమిదింపావు అంగుళాలకి రెండుంపావు రెట్లు. మేస్త్రి పని మొదలుపెట్టాడు. ఆ పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. గొట్టాలకి ఎవరో పారేసిన కర్టెను రాడ్డు కోశాడు. లోపల అంగుళం తర్వాత కర్ర దిమ్మ కొట్టాడు. అందులోంచి గుండు కాదు కదా, ఊపిరి కూడా దూరదు. మీటకి పాత తలుపు గొళ్ళెం. నొక్కితే టిక్కుమనడానికి పాడైన తాళం కప్పలోని స్ప్రింగు. నల్లరంగు మీద పెన్సిలు ముల్లు పొడి చేసి బట్టతో రుద్దితే చెక్క కాస్తా ఉక్కులా మెరిసింది. బడి మానేశాక ఆయన పెన్సిళ్ళు కొనడం అదే మొదలు. కొట్టువాడు "పిల్లలకా?" అంటే, "నాకే, చదువు ఆపేసిన చోటు నుంచి మొదలుపెడుతున్నాను" అన్నాడు.

పిడి ఒక్కటే సతాయించింది. పక్షి ముక్కు దిద్దుతుంటే చెయ్యి తనంతట తాను మెడ దగ్గర మూడు గాజులు వేసేసింది. భార్య చూసి, "బాగుంది. దీనికి నులక అల్లితే పడుకోవచ్చు" అంది. మళ్ళీ గీకి, రెండోసారి చేశాడు. మూడోసారి ముక్కు ముక్కులాగా వచ్చింది. ఆ సాయంత్రం ఆయన తుపాకీని ఛాతీకి అడ్డంగా పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అద్దంలో హీరోగారు కనిపించలేదు. పొట్ట మీద తుపాకీ ఆనించుకున్న వడ్రంగి కనిపించాడు. అయినా చాలాసేపు నిలబడ్డాడు.

అక్కడితో ఆగి, ఆ ఒక్కటీ మేడమ్‌కి చూపించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ మేస్త్రి పనితనాన్ని ఎవరైనా కావాలనుకుని చాలా కాలమైంది. ఆయనకి కళ్ళు నెత్తికెక్కాయి.

"పన్నెండూ ఒకేసారి పట్టుకెళ్తాను. మేడమ్ కళ్ళు తిరిగి పడిపోవాలి" అన్నాడు.

"ఒకటి చూపించి రండి. ఊ అన్నాక మిగతావి చేద్దురుగాని" అంది భార్య.

"నా పని చూసి ఎవరో ఊ అనాలా?"

"ఊ అనకపోతే?"

"అనకపోవాలంటే లెక్క తప్పాలి. తప్పలేదు."

పదకొండు నకళ్ళు చెయ్యాలంటే కర్రతో కుదరదు. చేసిన తుపాకీ మీద పాలలాంటి రబ్బరు పోసి, గట్టిపడ్డాక కోసి తీస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చులో ఆరి గట్టిపడే రెజిన్ జిగురు పోస్తే గంటకో తుపాకీ. ఆ రబ్బరూ, రెజినూ డబ్బాల ధర విని మేస్త్రి ఆ డబ్బాలమ్మే కొట్టులోనే కూలబడటానికి స్టూలు వెతుక్కున్నాడు. చేతిలో అంత లేదు. ఉన్నదల్లా తన కొట్టు, దాని వెనకున్న దొడ్డి.

దొడ్డి అంటే వడ్రంగికి సగం ప్రాణం. పచ్చి కర్ర కొని అక్కడ నీడలో ఏడాదీ రెండేళ్ళూ ఆరబెట్టుకుంటేనే చవగ్గా పని చెయ్యగలడు. అది లేకపోతే ఆరిన కర్రని అడిగిన రేటుకి కొనుక్కోవాలి. అంటే చేసిన పనిలో మిగిలేది పొట్టు మాత్రమే. ఆ దొడ్డి మీద పొడుగాయనకి ఎప్పటినుంచో కన్నుంది. పాత టైర్లు పెట్టుకోవడానికి చోటు లేక వీధిలో పేర్చి తిట్లు తింటున్నాడు.

"డబ్బిస్తాను. నెలాఖరుకి తిరిగిచ్చెయ్యి. ఇవ్వకపోతే దొడ్డి నాది. సరేనా?" అన్నాడు పొడుగాయన.

"సరే."

"ఇంట్లో అడిగావా?"

"ఇంట్లో నేనే ఉంటాను, ఎవర్నడగాలి."

కాగితం మీద సంతకం పెట్టి వచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ దొడ్లోకి వెళ్ళి ఆరేసిన బట్టలు తీసుకొచ్చి, తీగ కూడా విప్పి చుట్టేసింది.

"ఇప్పుడే ఎందుకే అది?"

"అలవాటు చేసుకుంటున్నాను" అంది.

పన్నెండు తుపాకీలూ గోడకి వరసగా నిలబడ్డాయి, ఒక్క కాన్పులో పుట్టిన బిడ్డల్లా. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాటిని రెండు గోనె సంచుల్లో కట్టి, ప్యాకప్ వెంట షూటింగుకి వెళ్ళాడు.

అది పెద్ద రేకుల షెడ్డు. లోపల చెక్కతో కట్టిన ఊరొకటి ఉంది. ముందు నుంచి చూస్తే మేడలు, వెనక నుంచి చూస్తే కట్టెలు. మేస్త్రికి ఆ కట్టెల పని నచ్చలేదు. మేకులు వంకరగా ఉన్నాయి. ఆర్టు మేడమ్ సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఉంది. అది చూసి ఈవిడ మన మనిషే అనుకున్నాడు. ఆవిడ గోనె సంచి విప్పి, ఒక తుపాకీ తీసి, గొట్టం వైపు నుంచి చూసింది. పిడి మీద బొటనవేలు పెట్టి రాసింది. మీట నొక్కి టిక్కుమన్న శబ్దం విని మళ్ళీ నొక్కింది.

"ఎవరు చేశారు ఇది?"

"నేనే మేడమ్."

"చాలా బాగుంది మేస్త్రీ. కానీ పన్నెండూ చేసేశావేంటి? ఒకటే కదా అడిగాం." ఇంకేదో అనబోయి, తుపాకీని చేతి పొడవున పట్టుకుని కొంచెం తల వంచి చూసింది. "పదండి, ఒకసారి సార్ చేతికిచ్చి చూద్దాం."

గొడుగు కింద కుర్చీలో హీరోగారు ఉన్నారు. అదే మొహం, అదే చూపు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు. హీరోగారు మర్యాదగా లేచి నిలబడ్డారు. లేచినా కూర్చున్నట్టే ఉన్నారు. ఇంకా పూర్తిగా లేవలేదేమో అనుకుని మేస్త్రి కాసేపు ఎదురు చూశాడు. ఆయన నవ్వుతూ తుపాకీ అందుకుని, ఛాతీకి అడ్డంగా పెట్టి, పోస్టర్లో నిలబడ్డట్టే నిలబడ్డారు.

నాన్న గొడుగు పట్టుకుని బడికి బయల్దేరిన పిల్లాడిలా ఉంది.

ఎవరూ నవ్వలేదు. అక్కడ అందరికీ జీతాలొస్తాయి. హీరోగారు తుపాకీని ఒకసారి కిందికి దించి, పైకెత్తి, "బరువు బాగుంది" అన్నారు.

మేడమ్ మేస్త్రిని పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "కొంచెం పెద్దగా వచ్చింది. పరవాలేదు, పొరపాట్లు అవుతుంటాయి. సీనుకి ఇంకా టైముంది. సైజు నేనే రాసిస్తాను, మళ్ళీ చేసి పట్రా. కొత్త అచ్చు ఖర్చు నేను చూసుకుంటాను. పన్నెండింటికీ డబ్బు నెలాఖరులోపే ఇప్పిస్తాను. సరేనా?"

అంతకంటే మంచి మాట మేస్త్రి జీవితంలో వినలేదు. దొడ్డి దొడ్డిలాగే ఉంటుంది. విప్పిన తీగ మళ్ళీ కట్టుకోవచ్చు. ఆయన చెయ్యాల్సిందల్లా రెండక్షరాలు పలకడం. వెనక పలకల దొంతర దగ్గర నిలబడి ప్యాకప్ చేతులతో సైగ చేస్తున్నాడు, సరే అనమని.

కానీ మేస్త్రి చెవిలో మిగతా మాటలేవీ పడలేదు. పొరపాటు అన్న ఒక్క ముక్కే పడింది. అది ఏడో తరగతి బల్ల దగ్గరికి వెళ్ళి తగిలింది.

"పొరపాటు ఎక్కడుంది మేడమ్?"

"కొలత కొంచెం..."

"కొలతలో లేదు. చెయ్యికి రెండుంపావు. బొమ్మ తెచ్చాను, చూడండి. ఎన్నిసార్లు చూసినా రెండుంపావే."

"నువ్వు కరెక్టే మేస్త్రీ. చిన్నది చేసి తీసుకురా, అంతే."

"కరెక్టయితే చిన్నది ఎందుకు చెయ్యాలి? పెద్దగా ఉందంటున్నారు, దేనికి పెద్ద? అది తేలాలి కదా."

"తేలక్కర్లేదు" అంది మేడమ్, ఇంకా మెల్లగా.

మేస్త్రి జేబులో టేపు లేకుండా బయటికి రాడు, పెళ్ళికి వెళ్ళినా సరే. దాన్ని బయటికి లాగి హీరోగారి ముందుకి నడిచాడు.

"సార్, చెయ్యి ఒకసారి ఇలా చాపండి."

హీరోగారిని అలా అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఆయనకి విచిత్రంగా అనిపించిందేమో, చెయ్యి చాచారు. మేస్త్రి టేపు మణికట్టు దగ్గర ఆనించి, నడిమి వేలి కొసకి లాగి, ఒక కన్ను మూసి చూశాడు. అప్పటికి ఆయనకి నిజంగా వేరే ఉద్దేశం లేదు. లెక్క తప్పు కాదు, చెయ్యే వేరు అని మేడమ్‌కి చూపించాలి, అంతే. కానీ టేపు పట్టాక గొంతు ఆయన మాట వినదు. రంపం మోత మీదుగా ఇంటి వెనక్కి వినపడేలా ముప్పై ఏళ్ళుగా అరిచిన గొంతు అది.

"ఆరున్నర" అని అరిచాడు.

షెడ్డులో సౌండు రికార్డింగు కోసం అంతా నిశ్శబ్దంగా ఉంచారు. ఆ మాట రేకులకి తగిలి, చెక్క ఊరంతా తిరిగింది. ఒకవేళ ఎవరికైనా సరిగ్గా వినపడలేదేమో అనుకునే లోపు, పలకల దొంతర వెనక నుంచి ప్యాకప్ గొంతు ఖణీమంటూ లేచింది.

"ఆరున్నర."

వాడి తప్పు కాదు. వాడి నెత్తికి అలా నేర్పారు.

పైన లైట్ల దగ్గర ఎవరో ముక్కులోంచి నవ్వారు. తర్వాత దగ్గు మొదలైంది, ఒకరి నుంచి ఒకరికి. హీరోగారు తన చేతిని తిప్పి చూసుకున్నారు. మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా మేస్త్రికి బాగుండేది.

"నన్ను ఇంతవరకు కొలిచింది మా దర్జీ ఒక్కడే" అన్నారు. "వాడు కూడా చెవిలో చెప్పేవాడు."

మేస్త్రి టేపు వదిలేశాడు. అది సర్రుమని లోపలికి దూరింది.

"లెక్క తప్పు కాదని చూపిద్దామని సార్" అన్నాడు.

"తప్పు కాదు" అన్నారు హీరోగారు. తుపాకీని రెండు చేతులతో మేడమ్‌కి ఇచ్చేశారు. "అమ్మా, ఈ తుపాకీ ముచ్చట మానేద్దాం. ఈ వయసులో నాకెందుకివి. ఆ సీను మాటలతో సరిపెట్టమనండి." అని కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నాక మళ్ళీ ఆరడుగుల మనిషిలాగే ఉన్నారు.

మేడమ్ బయటి దాకా వచ్చింది. తిట్టలేదు. చెవి వెనక పెన్సిలు తీసి చేతిలో తిప్పుకుంటూ, "నీకు సరే అనడం ఎవరూ నేర్పలేదా?" అని మాత్రం అడిగింది. "సీనే లేనప్పుడు నేనేం చెయ్యలేను మేస్త్రీ. ఒకదానికి అనుకున్నది ఇప్పిస్తాను." ఆ ఒకదాని డబ్బు, సంచులు తిరిగి మోసుకొచ్చిన బండి కిరాయికి పోగా, రెండు టీలకి వచ్చింది. ఆ టీ తాగుతూ ప్యాకప్, "ఎందుకు బావా అరిచావు?" అన్నాడు. "నువ్వెందుకు తిరిగి అన్నావురా?" అన్నాడు మేస్త్రి.

ఇంట్లో భార్య అంతా విని, చాలాసేపు పెదవి కొరుక్కుని కూర్చుంది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాడు. కాదు.

"నిజంగా ఆరున్నరేనా?" అంది.

"ఆరున్నరే."

"మరి ఆ గుమ్మం?"

"చిన్నది చేశారు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు నవ్వు ఆగాక కూడా కాసేపు వచ్చాయి. అప్పుడు మేస్త్రికి ఏం చెయ్యాలో తోచక, నెలాఖరుకి ఇంకా కొన్ని రోజులున్నాయి కదా అన్నాడు. ఆ కొన్ని రోజులూ ఆయన తుపాకీలు అమ్మబోయాడు. నాటకాల వాళ్ళు పెద్దగా ఉన్నాయన్నారు. బొమ్మల కొట్టువాడు పిల్లలు ఎత్తలేరన్నాడు. పొడుగాయనే ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "నాకు సరిగ్గా సరిపోయింది మేస్త్రీ" అని సంబరపడి, ఊరికే ఇస్తావా అని అడిగాడు.

నెల మారిన రోజు పొద్దున్నే పొడుగాయన ఇద్దరు కూలీలతో వచ్చాడు. మనిషి మంచివాడే, ఆరుతున్న కర్రల్ని తన ఖర్చుతోనే వీధి వైపు వేయించాడు. హద్దు రాళ్ళు వేసే ముందు కొలవాలి కాబట్టి టేపు ఎవరిదగ్గరుందని అడిగాడు. మేస్త్రి జేబులోంచి తీసి తనే కొలిచాడు. కొలత చెప్పేటప్పుడు ఈసారి ఆయన గొంతు లేవలేదు. కొట్టు వెనక దొడ్డి, వెడల్పు తొమ్మిది అడుగుల నాలుగంగుళాలు, పొడవు ముప్పై ఒక్క అడుగులు.